కొత్త డీజిల్ బండా.. పాతదా? బేరానికి ముందు కిలోమీటర్లు లెక్కవేయండి

బోధన్: చెరకు బిల్లు చేతికందిన ఏడాది ఇంటికో జీపు తెచ్చుకోవడం ఒకప్పుడు బోధన్ ప్రాంత రైతుల ముచ్చట. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీలో గానుగ సీజను ముగిసి, లెక్కలు తేలి, అప్పులు పోగా మిగిలిన సొమ్ముతో కమాండర్ జీపులు, ఆ తరువాత టాటా సుమోలు, క్వాలిస్‌లు పల్లెలకు చేరాయి. తోట నుంచి కాటా వరకు, కాటా నుంచి బ్యాంకు వరకు, బ్యాంకు నుంచి నిజామాబాద్ ఆసుపత్రి వరకు ఆ బండి నిలిచేది కాదు. డీజిల్ చౌక, తిరుగుడు ఎక్కువ. కాబట్టి డీజిల్ బండి కొనాలా వద్దా అన్న ప్రశ్నే ఉండేది కాదు.

ఆ రోజులు మారాయి. 1937లో నెలకొల్పిన నిజాం చక్కెర కర్మాగారం 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లి, 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు తోటలున్న చోట వరి మడులు పరచుకున్నాయి. వరి రైతుకు ట్రాక్టరు, ద్విచక్ర వాహనం ఉంటే రోజువారీ పని గడిచిపోతోంది. నాలుగు చక్రాల బండి పెళ్లిళ్లకు, బాసర దర్శనానికి, ఖలీల్‌వాడి ఆసుపత్రులకు, గల్ఫ్ నుంచి వచ్చే కొడుకును శంషాబాద్ విమానాశ్రయం నుంచి తీసుకురావడానికి మాత్రమే బయటకు తీస్తున్నారు. మిగతా రోజుల్లో అది రేకుల షెడ్డు కిందే ఉంటోంది. అయినా కొనేటప్పుడు మాత్రం పాత అలవాటు వదలడం లేదు. ‘డీజిలే కావాలి, ఏడుగురు పట్టాలి’ అన్న మాటతోనే బేరం మొదలవుతోంది. ధాన్యం డబ్బు, గల్ఫ్ సంపాదన కలిపి ఒక కుటుంబం పెట్టే పెద్ద ఖర్చుల్లో ఇల్లు, పెళ్లి తరువాతి స్థానం ఈ బండిదే. ఇక్కడ తప్పటడుగు వేస్తే ఐదేళ్లు కోలుకోవడం కష్టం.

రేటు తేడా కరిగిపోయింది

డీజిల్‌పై మోజుకు మూలం ధరలో తేడా. 2012 మే నెలాఖరులో ఢిల్లీలో పెట్రోలు లీటరు రూ.73.18 ఉండగా డీజిల్ రూ.40.91 మాత్రమే. అంటే లీటరుకు 32 రూపాయల తేడా. ఆ తేడాతో డీజిల్ కారుకు షోరూంలో అదనంగా చెల్లించిన లక్ష రూపాయలు రెండు మూడేళ్లలో వెనక్కి వచ్చేవి. 2014 అక్టోబరులో డీజిల్ ధరపై ప్రభుత్వ నియంత్రణ తొలగించారు. ఆ తరువాత రెండు ధరలూ దగ్గరయ్యాయి. 2024 మార్చి తగ్గింపు అనంతరం హైదరాబాద్‌లో పెట్రోలు రూ.107.41, డీజిల్ రూ.95.65గా నమోదయ్యాయి. తేడా 12 రూపాయల లోపే.

ఈ తేడాతో లెక్క ఎలా ఉంటుందో చూద్దాం. ఏడు సీట్ల పెట్రోలు బండి లీటరుకు 14 కిలోమీటర్లు, అదే తరహా డీజిల్ బండి 17 కిలోమీటర్లు ఇస్తాయనుకుంటే, పైధరల ప్రకారం కిలోమీటరుకు పెట్రోలు ఖర్చు రూ.7.67, డీజిల్ ఖర్చు రూ.5.63. మిగిలేది రెండు రూపాయల పైచిలుకు. కొత్త డీజిల్ బండికి పెట్రోలు బండి కంటే లక్షన్నర ఎక్కువ పెట్టారనుకుంటే, ఆ సొమ్ము రాబట్టడానికి 73 వేల కిలోమీటర్లు తిరగాలి. ఏడాదికి 25 వేలు తిరిగేవారికి మూడేళ్లలో ఆ సొమ్ము తిరిగొస్తుంది. 8 వేలు తిరిగేవారికి తొమ్మిదేళ్లు పడుతుంది. ఈ అంకెలు ఉదాహరణ మాత్రమే. తాము చూస్తున్న బండి మైలేజీ, ఆ రోజు బంకు ధర వేసుకుని ఎవరి లెక్క వారు చేసుకోవాలి. అయితే లెక్క వేయకుండా షోరూం మెట్లెక్కరాదు.

ఏడాదికి ఎంత తిరుగుతామో తెలియదనే వారు పాత బండి మీటరు, సర్వీసు కార్డులు చూసుకుంటే సరిపోతుంది. అవీ లేకుంటే ఇంట్లో కూర్చుని నెలవారీగా వేసుకోవచ్చు. బోధన్ నుంచి నిజామాబాద్ రానుపోను 50 కిలోమీటర్ల పైచిలుకు. నిజామాబాద్ నుంచి హైదరాబాద్ రానుపోను సుమారు 350. నెలకు నాలుగుసార్లు జిల్లా కేంద్రానికి, రెండు నెలలకోసారి రాజధానికి వెళ్లే కుటుంబం ఏడాదికి 5 వేలు కూడా దాటదు. పెళ్లిళ్లు, పండుగలు కలిపినా 8 వేలే. చాలామంది తాము దీనికి రెండింతలు తిరుగుతున్నామని భ్రమపడుతుంటారు. ఈ లెక్క వేసుకునే వరకు ఈ విలేకరిదీ అదే భ్రమ.

కొత్త బండిలో కొత్త జల్లెడ

2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో అమ్మే ప్రతి కొత్త కారూ బీఎస్-6 ప్రమాణాలకు లోబడి ఉండాలి. అంతకుముందు 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-4, దానికి ముందు చాలా జిల్లాల్లో బీఎస్-3 అమలులో ఉన్నాయి. డీజిల్‌లో గంధకం పాళ్లు బీఎస్-3లో పది లక్షల్లో 350 వంతులు, బీఎస్-4లో 50, బీఎస్-6లో 10. డీజిల్ కారు పొగలో వెలువడే మసి రేణువుల పరిమితిని బీఎస్-4తో పోలిస్తే బీఎస్-6లో దాదాపు 82 శాతం, నత్రజని ఆక్సైడ్లను 68 శాతం తగ్గించారు. ఊపిరితిత్తులకు ఇది మంచి వార్తే. అయితే ఆ మసిని ఆపే పరికరం తీరు తెలియకుండా బండి కొంటే మాత్రం చిక్కు తప్పదు.

సైలెన్సర్ గొట్టంలో తేనెపట్టు లాంటి పింగాణీ జల్లెడ ఒకటి అమర్చుతారు. మెకానిక్‌లు దీన్ని డీపీఎఫ్ అంటారు. ఇంజిను వదిలే మసి అందులో పేరుకుంటుంది. కొంత నిండగానే ఇంజిను తనంతట తాను అదనంగా డీజిల్ పంపి, జల్లెడను సుమారు 600 డిగ్రీల వరకు వేడెక్కించి ఆ మసిని కాల్చేస్తుంది. ఇది జరగాలంటే బండి గంటకు 60 కిలోమీటర్ల దరిదాపు వేగంతో పావుగంట, ఇరవై నిమిషాలు ఆగకుండా సాగాలి. నిజామాబాద్ పట్టణంలో కంఠేశ్వర్ నుంచి ఖలీల్‌వాడికి, అక్కడి నుంచి పిల్లల బడికి, మళ్లీ ఇంటికి మూడేసి కిలోమీటర్లు తిరిగే కారులో ఆ అవకాశం రాదు. మసి కాలడం మొదలవుతుండగానే తాళం తీసేస్తారు. ఇలా పదేపదే జరిగితే అదనంగా పంపిన డీజిల్ కాలకుండా ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. చివరకు హెచ్చరిక దీపం వెలిగి, ఇంజిను శక్తి తగ్గించుకుని నత్తనడక సాగిస్తుంది. వారంటీ ఉన్నా, వాడకం తీరు వల్ల వచ్చిన సమస్య అని తేల్చితే ఖర్చు యజమానిదే.

కనుక పట్టణంలోనే తిరిగే ఉద్యోగి కంటే రోజూ బోధన్ నుంచి నిజామాబాద్‌కు జాతీయ రహదారిపై వచ్చి వెళ్లే వ్యాపారికి కొత్త డీజిల్ బండి బాగా అచ్చివస్తుంది. ఆ పాతిక కిలోమీటర్ల పరుగు జల్లెడకు సరిపోతుంది. పట్టణవాసి కొని ఉంటే వారానికోసారి డిచ్‌పల్లి మీదుగా 44వ నంబరు జాతీయ రహదారిపై అరగంట ఆగకుండా నడిపి రావడం మేలు. దీపం వెలిగాక ‘ఆ డబ్బా కోసేస్తే గొడవ పోతుంది’ అని సలహా ఇచ్చేవారు ఉంటారు. వినకూడదు. బండి నిర్మాణాన్ని అలా మార్చడం మోటారు వాహనాల చట్టానికి విరుద్ధం. బీమా క్లెయిము సమయంలోనూ చిక్కులు తెస్తుంది.

పల్లెల్లో మరో అలవాటు ఉంది. ట్రాక్టరు కోసం, వరి కోత యంత్రం కోసం డబ్బాల్లో తెచ్చి ఉంచిన డీజిల్‌ను అవసరానికి కారులోనూ పోస్తుంటారు. పాత జీపు ఇంజిను దాన్ని తాగి ఊరుకునేది. ఇప్పటి ఇంజిన్లలో ఇంజెక్టర్లు వెంట్రుకకన్నా సన్నని రంధ్రాల గుండా అత్యధిక ఒత్తిడితో డీజిల్‌ను చిమ్ముతాయి. డబ్బా అడుగున చేరిన నీటిచుక్క, దుమ్ము వాటికి గిట్టవు. నాలుగు ఇంజెక్టర్లు మార్చాల్సి వస్తే ఆ ఏడాది ఆదా చేసిన డీజిల్ డబ్బు మొత్తం పోయినట్లే. ట్రాక్టరులో పోసే ఇంజిన్ ఆయిల్ కూడా జల్లెడ ఉన్న బండికి పనికిరాదు. తక్కువ బూడిద మిగిల్చే ప్రత్యేక రకం ఆయిలే వాడాలి.

కొన్ని కొత్త డీజిల్ బండ్లలో ‘యాడ్‌బ్లూ’ అనే ద్రవానికి వేరే ట్యాంకు ఉంటుంది. ఇది 32.5 శాతం శుద్ధ యూరియా కలిపిన నీరు. పొగలోని నత్రజని ఆక్సైడ్లను విరగ్గొట్టడం దీని పని. ట్యాంకు ఖాళీ అయ్యాక ఇంజిను ఆపితే మళ్లీ స్టార్టు కాదు. యూరియా అన్న మాట వినగానే పొలం బస్తా గుర్తుకు రావడం సహజమే. 2015 నుంచి దేశంలో రైతులకు అమ్మే యూరియాకు వేపనూనె పూత తప్పనిసరి. ఆ గుళికలను నీళ్లలో కలిపి పోస్తే పరికరం మొత్తం మూలన పడుతుంది. బంకుల్లో, షోరూంలలో దొరికే సీలు డబ్బానే కొనాలి.

కొత్తదానికి పన్ను తగ్గింది, కానీ..

2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1500 సీసీ లోపు డీజిల్ ఇంజిను ఉన్న కార్లపై సెస్సుతో కలిపి 31 శాతంగా ఉన్న పన్ను 18 శాతానికి దిగింది. మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించే బొలెరో ఈ తరగతిలోనే వస్తుంది. ఇన్నోవా క్రిస్టా, స్కార్పియో లాంటి పెద్ద ఇంజిన్ల బండ్లపై సెస్సు తీసేసి పన్నును 40 శాతంగా నిర్ణయించారు. అంతకుముందు ఇది 50 శాతం వరకు ఉండేది. కొత్త ధరలు దిగినప్పుడు పాత బండి ధర కూడా ఆ మేరకు దిగాలి. ఆటో కన్సల్టెన్సీల్లో మాత్రం పాత ధరలే చెప్పేవారున్నారు. అదే మోడల్ కొత్తది ఎంతకు వస్తోందో షోరూంలో కొటేషన్ తీసుకుని, ఆ కాగితం జేబులో పెట్టుకుని పాత బండి బేరానికి వెళ్లడం మంచిది.

షోరూం ధరతో పని అయిపోదు. తెలంగాణలో జీవితకాల పన్ను బండి ధరను బట్టి శాతం పెరిగే పద్ధతిలో ఉంది. దానికి బీమా, రిజిస్ట్రేషన్ కలుస్తాయి. ఆ పైన విలువ తరుగుదల. బీమా కంపెనీలు వేసే లెక్కనే చూసినా, బండి విలువలో తొలి ఏడాది పూర్తయ్యేసరికి 15 శాతం, రెండో ఏడాదికి 20, మూడో ఏడాదికి 30, నాలుగో ఏడాదికి 40, ఐదో ఏడాదికి 50 శాతం కోత పడుతుంది. బండి షెడ్డులో నిలబడినా ఈ కోత ఆగదు.

ఒక ఉదాహరణ చూద్దాం. రోడ్డెక్కేసరికి రూ.12 లక్షలయ్యే కొత్త డీజిల్ బండి. చేతి నుంచి 3 లక్షలు, మిగతా 9 లక్షలు 9.5 శాతం వడ్డీకి ఐదేళ్ల రుణం. నెలకు కిస్తీ దాదాపు రూ.18,900, మొత్తం వడ్డీ రూ.2.34 లక్షలు. ఐదేళ్ల తరువాత 6 లక్షలకు అమ్ముడుపోయిందనుకుంటే నికరంగా పోయింది రూ.8.34 లక్షలు. దీని పక్కన రూ.5 లక్షలకు దొరికే ఎనిమిదేళ్ల బండిని పెట్టండి. మూడున్నర లక్షల రుణం, పాత బండి కాబట్టి వడ్డీ 14 శాతం, మూడేళ్ల గడువు. వడ్డీ రూ.80 వేలు. ఐదేళ్ల తరువాత రెండుంబావు లక్షలు వస్తాయనుకుని, మధ్యలో మరమ్మతులకు లక్షన్నర అదనంగా వేసుకుంటే పోయింది రూ.5 లక్షల పైచిలుకు. ఏడాదికి 8 వేల కిలోమీటర్లు తిరిగే ఇంటికి, డీజిల్ ఖర్చు కాక, కొత్త బండి కిలోమీటరుకు దాదాపు 21 రూపాయలు, పాతది 13 రూపాయల వరకు పడుతున్నట్లు లెక్క. ఏడాదికి 25 వేలు తిరిగితే పాత బండి మరమ్మతులు మూడున్నర లక్షలకు చేరతాయనుకున్నా, కొత్తదానికి ఆరు రూపాయల 70 పైసలు, పాతదానికి ఐదు రూపాయల 65 పైసలు. తేడా రూపాయే. ఆ రూపాయికి దారిలో ఆగిపోదన్న భరోసా, వారంటీ వస్తాయంటే కొత్తదానివైపు మొగ్గడం తప్పేమీ కాదు. ఇక 8 వేలు తిరిగేవారు ఈ రెండింటినీ తమ ఊళ్లో అద్దె కారు కిలోమీటరు ధరతో కూడా పోల్చి చూడాలి. ఏడాదికి రెండుసార్లు విమానాశ్రయానికి వెళ్లడం కోసం 12 లక్షల బండి కొంటున్నామా అన్నది ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం.

నంబరు పలకే జాతకం

పాత బండి విషయంలో మొదట చూడాల్సింది ఇంజిను కాదు, నంబరు పలక. నిజామాబాద్ జిల్లా బండ్లకు రాష్ట్ర విభజన వరకు ఏపీ 25, 2014 జూన్ నుంచి టీఎస్ 16, 2024 మార్చి నుంచి టీజీ 16 సిరీస్ నంబర్లు ఇస్తున్నారు. సొంత వాహనానికి రిజిస్ట్రేషన్ తొలి గడువు 15 ఏళ్లు. అంటే ఏపీ పలకతో తిరుగుతున్న సొంత బండి ఏదైనా సరే, దాని తొలి గడువు ఇప్పటికే ముగిసి ఉండాలి లేదా 2029 మధ్యనాటికి ముగుస్తుంది. ఆ తరువాత ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గి ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. కారు పునరుద్ధరణ రుసుము 2022 ఏప్రిల్ నుంచి రూ.5 వేలు. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దాన్ని రూ.10 వేలకు పెంచారు. దీనికి హరిత పన్ను అదనం. 2005లోనే క్వాలిస్ తయారీ ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు అమ్మకానికి వచ్చే ప్రతి క్వాలిస్ ఇరవై ఏళ్లు దాటినదే.

పదేళ్లు దాటిన డీజిల్ బండి నడపకూడదట కదా అని చాలామంది అడుగుతుంటారు. ఆ నిబంధన ఢిల్లీ, దాని పరిసర జాతీయ రాజధాని ప్రాంతానికి సంబంధించినది. 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ విధించగా 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. తెలంగాణలో అటువంటి నిషేధం లేదు. అక్కడి నిబంధన మాత్రం మన సంతపైనా ప్రభావం చూపుతుంది. ఢిల్లీలో తిరగలేని బండ్లు చౌకగా ఇతర రాష్ట్రాలకు తరలుతాయి. మెరిసే ఇన్నోవా అనుకోనంత తక్కువ ధరకు దొరుకుతోందంటే మొదట అడగాల్సింది ఎన్‌వోసీ గురించే.

పక్కనే మహారాష్ట్ర ఉండటంతో బోధన్, సాలూర, కోటగిరి దారుల్లో ఎంహెచ్ 26 నాందేడ్ బండ్లు, బీదర్ వైపు నుంచి కేఏ 38 బండ్లు కొల్లలుగా తిరుగుతాయి. ఇక్కడికంటే అక్కడ ధర తక్కువని కొనేవారూ ఉన్నారు. అటువంటి బండి ఏడాదికి మించి ఇక్కడే ఉంటే కొత్త నంబరు తీసుకోవాలని చట్టం చెబుతోంది. అక్కడి రవాణా కార్యాలయం నుంచి ఫారం 28 కింద నిరభ్యంతర పత్రం తేవాలి, బండి వయసును బట్టి ఇక్కడ మళ్లీ జీవితకాల పన్ను కట్టాలి. ఈ పన్ను కలుపుకొంటే బేరంలో మిగిలిందనుకున్న సొమ్ము చాలావరకు హరించుకుపోతుంది. పన్ను ఎంతో బేరానికి ముందే కార్యాలయంలో కనుక్కోవాలి.

మీటరు అబద్ధం చెప్పినా పెడలు చెప్పదు

కొన్నేళ్ల కిందట మా పెదనాన్న కుమారుడు ఒక ఏడు సీట్ల బండి కొనబోతూ నన్ను వెంట తీసుకెళ్లాడు. మీటరులో 72 వేల కిలోమీటర్లు. రంగు అద్దంలా ఉంది. అన్న మనసు పారేసుకున్నాడు. మాతో వచ్చిన బోధన్ ఉస్తాద్ మాత్రం బానెట్ ఎత్తకుండా నేరుగా డ్రైవరు తలుపు తీసి కిందికి వంగాడు. ‘మీటరు చూసిండ్రు సాబ్, గీ పెడలు చూసిండ్రా’ అన్నాడు. బ్రేకు పెడలు రబ్బరుపై గీతలు పూర్తిగా అరిగి నున్నగా మెరుస్తున్నాయి. క్లచ్చు పెడలుదీ అదే స్థితి. స్టీరింగు తోలు అంచులు ఊడాయి. ఆర్‌సీ చరిత్ర తీయిస్తే అది నాలుగేళ్లు హైదరాబాద్‌లో పసుపు పలకతో క్యాబుగా తిరిగి, తరువాత సొంత వాహనంగా మారిన బండి అని తేలింది. రెండు లక్షలు దాటి ఉంటుందని ఉస్తాద్ అంచనా. బేరం అక్కడితో ఆగింది. ఉస్తాద్‌కు ఇచ్చిన ఐదు వందలు అన్నకు కొన్ని లక్షలు మిగిల్చాయి.

క్యాబుగా తిరిగిందన్నంత మాత్రాన బండి చెడ్డదని కాదు. హైవేపై క్రమం తప్పకుండా ఆయిల్ మార్చుకుంటూ రెండు లక్షలు తిరిగిన ఇంజిను, పట్టణంలో అశ్రద్ధగా 80 వేలు తిరిగినదానికంటే గట్టిగా ఉండవచ్చు. కొనేవారు 72 వేల ధర పెట్టకూడదు, అంతే.

బండి చూడటానికి తెల్లవారుజామునే వెళ్లాలి. అమ్మేవారు ముందే వేడెక్కించి ఉంచితే చల్లటి ఇంజిను మొరాయింపు తెలియదు. స్టార్టు చేశాక నల్లపొగ వస్తే డీజిల్ సరిగా కాలడం లేదని, నీలిపొగ వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోందని, తెల్లపొగ ఆగకుండా వస్తుంటే ఇంజినులోకి నీరు చేరుతోందేమోనని అనుమానించాలి. ఇంజిను నడుస్తుండగా ఆయిల్ పోసే మూత విప్పి చూస్తే బుసబుసమని పొగ తన్నుకొస్తోందా అన్నది మరో ఆనవాలు. పిస్టన్ రింగులు అరిగితే అలా వస్తుంది. టైమింగ్ బెల్టు ఉండే ఇంజినైతే అది ఎప్పుడు మార్చారో బిల్లు అడగాలి. అది తెగితే ఇంజినే పాడవుతుంది. 2025 ఆగస్టు చివరలో కామారెడ్డి జిల్లాలో కురిసిన కుండపోతకు కార్లు కొట్టుకుపోవడం, మునిగిపోవడం అందరూ చూశారు. అందుకే సీటు బెల్టును చివరి వరకు లాగి మట్టి చారలు ఉన్నాయేమో, స్టెప్నీ గుంటలో ఒండ్రు ఉందేమో చూడటం ఇప్పుడు తప్పనిసరి.

విడిభాగాల సంగతి కంపెనీ పేరు కంటే ముఖ్యం. మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు మానేసింది. అయినా స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగాల్లో వాడిన 1.3 లీటర్ల ఇంజిను ఫియట్ రూపొందించినది, ఇండికా విస్టాలోనూ అదే. లక్షల సంఖ్యలో తిరగడంతో దాని భాగాలు, పని తెలిసినవారు నిజామాబాద్ ఆటోనగర్‌లోనే దొరుకుతారు. టవేరా తయారుచేసిన జనరల్ మోటార్స్ 2017 చివర మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021లో ఇక్కడ కార్ల తయారీ మానుకుంటున్నట్లు ప్రకటించింది. ఈ బండ్లు మంచివే కావచ్చు, చౌకగానూ వస్తాయి. ఒక సెన్సర్ కోసం పది రోజులు షెడ్డులో పెట్టే ఓపిక ఉన్నవారే తీసుకోవాలి. పాత ఇన్నోవా, బొలెరోలు ధర ఎక్కువ పలకడానికి కారణం ఏ ఊరి మెకానిక్ అయినా వాటిని విప్పి బిగించగలగడమే. మధ్యేమార్గంగా 2017-20 మధ్య వచ్చిన బీఎస్-4 బండి చూడవచ్చు. ఆ కాలపు బండ్లలో చాలావాటికి జల్లెడ గొడవ లేదు, గడువుకూ ఇంకా ఏళ్లున్నాయి. తక్కువ తిరిగే కుటుంబానికి ఈ విలేకరి ఓటు దానికే.

ప్రాణం లెక్క వేరు

ఖర్చుల్లో పాతది నెగ్గినా, ఒక విషయంలో అది పూర్తిగా వెనుకబడుతుంది. అర్ధరాత్రి విమానం దిగే కొడుకును తీసుకుని, తెల్లవారుజామున నిద్రమత్తులో 44వ నంబరు రహదారిపై రెండు వందల కిలోమీటర్లు వచ్చే బండి ఎలా ఉండాలి? చక్రాలు జామ్ కాకుండా ఆపే ఏబీఎస్ బ్రేకులు 2019 ఏప్రిల్ నుంచి అన్ని కొత్త కార్లలో తప్పనిసరి అయ్యాయి. డ్రైవరు ఎయిర్‌బ్యాగు 2019 జులై నుంచి, పక్క సీటుకు కూడా 2022 జనవరి నుంచి అన్ని కార్లలో ఉండాలన్నారు. అంతకుముందు ఇవి ఖరీదైన వేరియంట్లకే పరిమితం. పాత జీపుల్లో, సుమోల్లో వెనుక ఎదురెదురు సీట్లలో పిల్లలను కూర్చోబెట్టి బెల్టు లేకుండా తీసుకెళ్లడం మనకు అలవాటైపోయింది. ఊరి నుంచి మండల కేంద్రానికి సరే. రాత్రి హైవే ప్రయాణాలు ఎక్కువగా ఉండే ఇంటికి 2019 ఏప్రిల్ తరువాత తయారైనదే కొనాలన్న గీత గీసుకోవడం ఉత్తమం. ధర కోసం ఈ గీత దాటవద్దు.

కాగితం చేతులు మారేవరకు

బేరం కుదిరాక డబ్బిచ్చి తాళాలు తీసుకోవడంతో పని పూర్తికాదు. పాత రుణం తీరినట్లు ఫైనాన్స్ సంస్థ ఇచ్చే ఎన్‌వోసీ, ఫారం 35, పెండింగ్ చలాన్ల వివరాలు, ఫారం 29, 30 సరిచూసుకోవాలి. చట్టప్రకారం అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. బీమా పాలసీని తన పేరిట మార్చమని కొన్నవారు 14 రోజుల్లో కంపెనీని కోరాలి. పాత యజమాని సంపాదించుకున్న నో క్లెయిమ్ బోనస్ ఆయనతోనే పోతుంది, కొత్తవారికి రాదు.

ఈ విషయంలో కొన్నవారికంటే అమ్మినవారే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. ఖాళీ ఫారాలపై సంతకాలు చేసి కన్సల్టెన్సీ చేతిలో పెట్టి రావడం ఇక్కడ మామూలు. ఆ బండి అక్కడి నుంచి ముగ్గురి చేతులు మారినా ఆర్‌సీలో పాత పేరే ఉంటుంది. 2018లో సుప్రీంకోర్టు ఇలాంటి కేసులోనే, రికార్డుల్లో ఎవరి పేరు ఉంటే వారే చట్టం దృష్టిలో యజమాని అని, ప్రమాద బాధితులకు పరిహారం బాధ్యత వారిదేనని తీర్పు చెప్పింది. బండి అప్పగించిన తేదీ, సమయం, మీటరు రీడింగు రాసుకుని ఇద్దరూ సంతకాలు చేసి, కొన్నవారి ఆధార్ ప్రతి జతచేసుకుని, రవాణా శాఖ వెబ్‌సైటులో పేరు మారినట్లు కనిపించే వరకు ఆ కాగితాన్ని పట్టాదారు పాసుపుస్తకం పక్కనే భద్రపరచుకోవాలి.